హుడ్డు ఎత్తమన్నారు

మొన్న శనివారం పొద్దున మా అమ్మాయి ఇంటి ముందు కారు దగ్గర నిలబడి, "అమ్మా, హుడ్ ఓపెన్ చెయ్, వాటర్ పోస్తా" అంది. దానికి పదిహేనేళ్ళు నిండి, లెర్నర్ పర్మిట్ వచ్చి మూడు వారాలైంది. ప్లేనోలో ఆ వయసు పిల్లలకి ఓణీల ఫంక్షన్ కంటే అదే పెద్ద వేడుక. అద్దం కడిగే నీళ్ళు అయిపోయాయని డాష్‌బోర్డులో దీపం వెలిగితే, యూట్యూబ్ చూసి నేర్చుకుని తనే పోస్తానని నీలం నీళ్ళ డబ్బా పట్టుకుని సిద్ధమైంది. నేను చెయ్యాల్సిందల్లా స్టీరింగ్ ముందు కూర్చుని మోకాలి దగ్గరున్న చిన్న లివరు లాగడమే. నేనేమో తలెత్తి పైకి చూశాను. పైన కారు కప్పు తప్ప ఏమీ లేదు. "అమ్మా, ఆర్ యూ ఓకే?" అని అద్దంలోంచి తొంగి చూసింది. పదేళ్ళుగా నాకిదే వరస. ఎవరు హుడ్ అన్నా కళ్ళు ముందు పైకి పోతాయి, తర్వాత గానీ చెయ్యి కిందికి పోదు. ఎందుకో పిల్లకి చెప్పాలంటే ఒక బండి గురించి చెప్పాలి, బండి గురించి చెప్పాలంటే మా చిన్నమావయ్యగారి గురించి చెప్పాలి. అంత తెలుగు వినే ఓపిక దానికి లేదు కాబట్టి మీకు చెబుతున్నాను.

అప్పట్లో మేం ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. మా ఆయనది లాస్ కొలీనాస్‌లో ఉద్యోగం. నాది హెచ్-ఫోర్ వీసా, అంటే వంట చెయ్యొచ్చు, కారు నడపొచ్చు, ఉద్యోగం మాత్రం చెయ్యకూడదు. అదే కాంప్లెక్సులో రెండు బిల్డింగుల అవతల మా ఆడపడుచు ఉండేది, హాస్పిటల్లో నర్సు. వాళ్ళ నాన్నగారే మా చిన్నమావయ్యగారు, మా మామగారి తమ్ముడు. భార్య పోయాక గ్రీన్ కార్డు మీద కూతురి దగ్గరికి వచ్చేశారు. ఆ పిల్ల నైట్ డ్యూటీ చేసొచ్చి పగలంతా నిద్రపోవాలి కనుక ఇంట్లో టీవీ పెట్టకూడదు, కుక్కర్ పెట్టకూడదు, తుమ్మొస్తే బాల్కనీలోకి వెళ్ళాలి. అందుకని తొమ్మిదయ్యేసరికి ఆయన మా ఇంటికొచ్చి సోఫాలో కూర్చునేవారు. బందరులో ఆయనకి ముప్ఫై ఏళ్ళు కుషన్ వర్క్స్ ఉండేది. జీపులకి సీట్లు, రిక్షాలకి హుడ్లు, లారీలకి టార్పాలిన్లు కుట్టేవారు. ఊళ్ళో ఏ జీపు ఎదురొచ్చినా దాని పైన గుడ్డ చూసి ఇది మన కుట్టే అని చెప్పగలిగిన మనిషి. ఆ మనిషి ఇక్కడికొచ్చి, మా సోఫా అంచు పట్టుకుని కుట్టు ఎలా వేశారో వేలితో తడిమి చూస్తూ పగళ్ళు గడిపేవారు. "మెషీను కుట్టమ్మా ఇది, పట్టు లేదు" అనేవారు. ఆ సోఫాని ఆయన అలా కనీసం యాభైసార్లు తిట్టి ఉంటారు.

నా సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి, ఈ కథలో దాని పాత్ర పెద్దది. నేను ఇంగ్లీషు ఎం.ఏ. పెళ్ళికి ముందు మూడేళ్ళు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పాను. ఇక్కడికొచ్చాక ఆ ఇంగ్లీషుతో చెయ్యడానికి పనేమీ లేకపోయినా గర్వం మాత్రం ఎక్కడికీ పోలేదు. మా తెలుగు చర్చి సంఘంలో పెద్దవాళ్ళకి డాక్టరు దగ్గరా, బ్యాంకులోనూ మాట సాయం నేనే. డాక్టరు చెప్పినదానికి నాలుగు మాటలు కలిపి మరీ చెప్పేదాన్ని. చిన్నమావయ్యగారికి ఇంగ్లీషు రాదు. ఎస్, నో, థాంక్యూ, గాడ్ బ్లెస్ యూ, ఈ నాలుగింటితో ఆయన అమెరికాని నెట్టుకొస్తూ, మిగతాదంతా నా మీద వదిలేశారు.

మా తెలుగు ఆరాధన ఆదివారం మధ్యాహ్నం మూడింటికి. అమెరికన్ల చర్చిలో వాళ్ళ ఆరాధన అయిపోయాక హాలు మాకిచ్చేవారు. మా ప్రేమవిందు తర్వాత రెండు రోజుల దాకా ఆ హాల్లో బిర్యానీ వాసన పోదని వాళ్ళ కమిటీలో మాటొచ్చిందట గానీ, మా తరఫున గట్టిగా మాట్లాడినాయన ఒకరున్నారు. తాళాలన్నీ ఆయన దగ్గరే ఉండేవి కాబట్టి మేం తాళాల పెద్దాయన అనేవాళ్ళం. డెబ్భై దాటిన టెక్సాస్ మనిషి, ఎండకి కందిపోయిన మెడ, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన చొక్కా. ఒక ఆదివారం చిన్నమావయ్యగారు కాళ్ళు సాగదీద్దామని చర్చి వెనక్కి వెళ్ళి ఎంతకీ రాలేదు. వెతుక్కుంటూ వెళితే రేకుల షెడ్డులో ఆ పెద్దాయనా ఈయనా ఒక కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చిరిగిన సీటులోకి తలలు దూర్చి ఉన్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు.

కారంటే మామూలు కారు కాదు. మా అపార్ట్‌మెంట్ వంటింటి కంటే పొడవు, నలుపు, కప్పు లేదు. డ్రైవరు ముందొక అద్దం, వెనక కూర్చునే పెద్దమనుషుల కోసం మధ్యలో ఇంకో అద్దం. నిలబడి జనానికి చెయ్యి ఊపేటప్పుడు పట్టుకోవడానికి ఒక కమ్మీ, జెండాలు గుచ్చడానికి ముందు మడ్‌గార్డుల మీద గొట్టాలు. ఊరేగింపుల కోసమే డెట్రాయిట్‌లో చేత్తో కట్టిన బండి అని తాళాల పెద్దాయన చెప్పారు. టీవీలు లేని రోజుల్లో దేశాన్ని ఏలేవాణ్ణయినా, యుద్ధం గెలిచొచ్చినవాణ్ణయినా జనం కళ్ళారా చూడాలి. అందుకని గుర్రబ్బండ్ల కాలంలోంచే పెద్దవాళ్ళని టాపు లేని బండిలో తిప్పే ఆనవాయితీ వచ్చిందట, ఆ బండ్ల పేర్లే తర్వాత కార్లకీ అంటుకున్నాయట. ఇంజను బండెడు, వేగం నడక. గాలి తగలకుండా గంటలకొద్దీ పాకాలి కనుక రేడియేటరు కూడా పెద్దది పెట్టేవారట. ఇలాంటివి వందల్లో చేసినవి కావు. ఒకటీ రెండూ చేసి నగరాలకి ఇచ్చేవారు. ఊరేగే ప్రతివాడి మీదా మేడల మీంచి కాగితం ముక్కలు కురిసేవి. ఒక నగరంలో ఈ కారు నడిపిన డ్రైవరు ఆ పెద్దాయన తండ్రే, తర్వాత నగరంవాళ్ళు వేలం వేస్తే ఆయనే కొనుక్కున్నాడట. "మా నాన్న వీపు చూసినంతమంది ఏ సినిమా స్టారు వీపూ చూసి ఉండరు" అన్నారు. నేను దాన్ని తెలుగులో చెబితే చిన్నమావయ్యగారు చాలాసేపు నవ్వారు.

ఆ తర్వాత మాకు పదిమైళ్ళ దూరంలోనే, డాలస్‌లో, టాపు లేని కారులో వెళుతున్న అధ్యక్షుణ్ణి కాల్చి చంపారు. ఆ పొద్దున వాన పడుతుంటే కారుకి ప్లాస్టిక్ కప్పు బిగించాలనుకున్నారనీ, ఇంతలో వాన వెలిసి ఎండ రావడంతో వద్దన్నారనీ పెద్దాయన చెప్పేవారు. ఈ మాట ఆయన నాకు మూడుసార్లయినా చెప్పి ఉంటారు. అక్కణ్ణించి పెద్దవాళ్ళంతా మందపాటి అద్దాల వెనక్కి వెళ్ళిపోయారు. ఈ బండ్లలోకి అందాల పోటీ అమ్మాయిలూ, ఫుట్‌బాల్ గెలిచిన కుర్రాళ్ళూ, ఆఖరికి క్రిస్మస్ తాతా ఎక్కారు. ఆ ఏడే ఆయన తండ్రి ఈ బండి టాపు మడిచి, వెనక తోలు సంచిలో పెట్టి బొత్తాలు బిగించాడట. నలభై ఏళ్ళుగా దాన్ని ఎవరూ విప్పలేదు.

ఆ టాపు దగ్గరే అంతా ఉంది. ఫ్యాక్టరీలో చేత్తో కుట్టిన అసలు గుడ్డ అది. ఇలాంటి బండ్లు ఇంకెక్కడైనా ఉన్నా వాటికి టాపులు ఎప్పుడో మార్చేశారు. చిన్నమావయ్యగారు ఆ వేసవిలో రోజూ షెడ్డుకి వెళ్ళి సీట్లు విప్పి, పాత కుట్టు రంధ్రాల్లోంచే కొత్త దారం పోనిచ్చి కుట్టారు. నేను దింపి వచ్చేదాన్ని. సోఫా అంచు తడమడం మానేశారు, భోజనం ఎక్కువ తినేవారు, ఫోన్లో బందరు వాళ్ళతో "పనిలో ఉన్నానయ్యా, సాయంత్రం చేస్తా" అని గొప్పగా పెట్టేసేవారు. పాత కార్ల మ్యూజియం నుంచి ఒకావిడ వచ్చి ఆ కుట్టు చూసి, భూతద్దం పెట్టి మళ్ళీ చూసింది. కారు ఎలా నడుస్తుందో జూలై నాలుగు పెరేడ్‌లో చూస్తామనీ, టాపు అలాగే చెక్కు చెదరకుండా ఉంటే బండిని మ్యూజియంలోకి తీసుకుంటామనీ అంది. తీసుకున్నాక ఆ టాపుకి తేమ పట్టించి, వారాల తరబడి ఒక్కో మడతా విప్పాలి. ఆ పనికీ, అలాంటి మిగతా పనులకీ తమ వర్క్‌షాపులో ఈయన చేతులే కావాలంది. నేను తెలుగులో చెప్పాను. ఆయన తన చేతుల్ని తిప్పి చూసుకుని, "నన్నే అందా? సరిగ్గా విన్నావా?" అన్నారు. నన్ను ఆయన అలా అనుమానించడం అదే మొదటిసారి, నాకు కొంచెం రోషం పొడుచుకొచ్చింది కూడా. అప్పటిదాకా ఆ సంచి బొత్తాల మీద ఎవరి చెయ్యీ పడకుండా ఆయనే కాపలా కాశారు. "ఎండిపోయిన టార్పాలిను మడతలో ఉంటేనే గుడ్డ అమ్మాయ్, విప్పితే పొట్టు" అనేవారు.

జూలై నాలుగు రానే వచ్చింది. టెక్సాస్ ఎండ గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. పెరేడ్‌లో మా తెలుగు సంఘానికి కూడా చోటిచ్చారు. పెద్దాయన స్టీరింగ్ దగ్గర, పక్కన పట్టుచీరలో నేను. వెనక సీట్లో మా అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, సూటూ టైతో. ఆయన పక్కన కాగితం జెండాతో మా అమ్మాయి, అప్పటికి దానికి ఐదేళ్ళు. చిన్నమావయ్యగారు ఎక్కమన్నా ఎక్కలేదు. "నడక మీద ఈ బండి ఉడుకుద్దమ్మా" అని నీళ్ళ క్యాను పట్టుకుని వెనక చక్రం పక్కన నడుస్తూ వచ్చారు. మాకు టాపు లేని బండి అంటే తెలిసింది ఎన్నికల జీపే కదా, అయ్యగారు కారు కదలగానే లేచి నిలబడి రెండు వైపులా తిరిగి దణ్ణాలు పెట్టడం మొదలుపెట్టారు. ఓటెయ్యండి అనడం ఒక్కటే తక్కువ. రోడ్డు పక్కన కుర్చీలేసుకున్న అమెరికన్లు తమకోసం ప్రార్థన చేస్తున్నారనుకుని కొందరు టోపీలు తీశారు. నేను నవ్వాపుకోలేక చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. పెరేడ్ చివర్లో, స్టేజీ దగ్గర, మ్యూజియం ఆవిడ నిలబడి ఉంటుందని మాకు తెలుసు.

స్టేజీ ఇంకా నూరడుగులుందనగా ముందు నుంచి బుస్సుమని చప్పుడొచ్చింది. ఇంజను మీద మూత సందుల్లోంచి ఆవిరీ, ఆవిరితో పాటు కాగే నీళ్ళ తుంపర్లూ ఎగిరి అద్దం మీదుగా వెనక్కి పడుతున్నాయి. అక్కడ రోడ్డు కాస్త వాలు. పెద్దాయన రెండు కాళ్ళతో బ్రేకు తొక్కిపట్టి, దిగలేక, నా వైపు తిరిగి అరిచారు. "టెల్ హిమ్! గెట్ ద హుడ్ అప్! క్విక్!"

అమెరికాలో హుడ్ అంటే ఇంజను మీద మూత. మనం బానెట్ అంటామే, అది. అది నాకు తెలియదా? నిక్షేపంలా తెలుసు. మా కారు సర్వీసుకిచ్చిన ప్రతిసారీ నేనే ఆ మాట వాడేదాన్ని. కానీ వెనక్కి తిరిగి తెలుగులో నోరు తెరవగానే, ఆ మాటని ఉన్నదున్నట్టుగా అందించేశాను. మనం తెలుగులో సగం మాటలు అలాగే కదా అందిస్తాం. "మావయ్యగారూ, హుడ్డు ఎత్తమంటున్నారు! త్వరగా!" అన్నాను.

బందరు కుషన్ వర్క్స్‌లో ముప్ఫై ఏళ్ళ పాటు హుడ్డు అంటే ఒకటే, బండి పైన గుడ్డ.

ఆయన ఆగిపోయారు. ఆ ఎండలో, ఆ బ్యాండు మేళాల మధ్య, నీళ్ళ క్యాను కింద పెట్టి నా మొహంలోకి చూశారు. "హుడ్డా, అమ్మాయ్?" అన్నారు.

"అవునండీ, హుడ్డే!" అన్నాను. విసుగ్గా అన్నాను.

ఆయన ఫుట్‌బోర్డు ఎక్కి సంచి బొత్తాలు ఊడదీశారు. అవతలి పక్క అయ్యగారు దణ్ణాలు ఆపి సాయం పట్టారు. టాపు కమ్మీలు లేచాయి. అప్పటికి గానీ ఏం జరుగుతోందో నాకు తలకెక్కలేదు. "వద్దు" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. గుడ్డ మా అమ్మాయి తల మీదికి వస్తూ, ప్రతి మడత దగ్గరా అప్పడం విరిగినట్టు పటపటమంది. నలభై ఏళ్ళ ధూళి మా అందరి మీదా రాలింది. మడతలున్న చోటల్లా చీలికలు, చీలికల్లోంచి ఆకాశం. రోడ్డు పక్కవాళ్ళు ఇదీ పెరేడ్‌లో భాగమేననుకుని చప్పట్లు కొట్టారు. మా అమ్మాయి కూడా కొట్టింది.

పెద్దాయన వెనక్కి తిరిగి చూశారు. ఎవరో పరిగెత్తుకొచ్చి చక్రాల కింద రాళ్ళు పెడితే నెమ్మదిగా దిగి, జేబురుమాలు చేతికి చుట్టుకుని, ఇంజను మీద మూత ఆయనే ఎత్తారు. చిన్నమావయ్యగారు ఎత్తిన ఆ మూతని చూశారు, తన చేతిలో ఉన్న గుడ్డ పేలికని చూశారు. ఆయనకి అర్థమైపోయిందని నాకు తెలిసింది. క్యాను తీసుకెళ్ళి నీళ్ళు పోశారు. సగం నీళ్ళు రోడ్డు మీద పోయాయి. మ్యూజియం ఆవిడ దగ్గరికొచ్చి, చీలికల్ని ముట్టుకోకుండా చూసి, మేం కబురు చేస్తాం అంది. అలా అన్నారంటే చెయ్యరని అర్థం చేసుకునేంత ఇంగ్లీషు నాకు వచ్చు. పెద్దాయన ఆవిడతో, "ఆయన తప్పేం లేదు, పాపం ఆయనకి ఇంగ్లీషు రాదు" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. చీర మీది ధూళి దులుపుకున్నాను.

మరుసటి ఆదివారం ధైర్యం చేసి పెద్దాయన దగ్గరికి వెళ్ళి, తప్పు నాది, మాట నేనే అలా అందించాను అని అంతా చెప్పాను. ఆయన నా భుజం తట్టి, "మామగారి మీద ఈగ వాలనివ్వవు. మంచి కోడలివి" అన్నారు. మళ్ళీ చెప్పాను. మళ్ళీ తట్టారు. నిజం చెబితే నమ్మకపోతే ఏం చెయ్యాలో ఎం.ఏ.లో చెప్పలేదు. చిన్నమావయ్యగారికైతే అదీ చెప్పలేకపోయాను. ఆయన షెడ్డులో కూర్చుని, చిరిగిన గుడ్డని పాత మడతల మీదే మళ్ళీ మడిచి సంచిలో పెట్టి బొత్తాలు బిగించారు. ఆ శీతాకాలం కారుని వేరే రాష్ట్రంవాడెవడో కొనుక్కుని ట్రక్కు మీద ఎక్కించుకుపోయాడు. కొత్త టాపు ఈయన చేత కుట్టించమని పెద్దాయన అడిగారట గానీ, మా పనివాళ్ళు మాకున్నారన్నాడట. ఆ తర్వాత చిన్నమావయ్యగారు సూది పట్టుకోలేదు. మా కర్టెన్ అంచు ఊడితే నేనే పిన్ను పెట్టుకున్నాను.

దానికి బదులు లైబ్రరీలో ఇంగ్లీషు క్లాసులో చేరారు, అరవై రెండేళ్ళప్పుడు. ఇంట్లో ఇంగ్లీషు లెక్చరర్‌ని పెట్టుకుని లైబ్రరీకి ఎందుకు బాబాయ్ అని మా ఆయన నవ్వాడు. ఆయన నవ్వలేదు, నేనూ నవ్వలేదు. మంగళవారం మంగళవారం నేనే దింపేదాన్ని. ఒకసారి ఆయన నోటుపుస్తకం కారులో మర్చిపోతే తెరిచి చూశాను. మొదటి పేజీలో, గుండ్రటి అక్షరాలతో, "హుడ్ అంటే బానెట్. టాప్ అంటే హుడ్డు" అని రాసుంది. కింద రెండు గీతలు. పార్కింగ్ లాట్‌లో కూర్చుని ఏడ్చాను. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

చెప్పింది ఏడేళ్ళ తర్వాత, ప్లేనోకి మారిపోయాక, ఆయన్ని డయాలిసిస్‌కి తీసుకెళుతూ. హైవే మీద ఎదరే చూస్తూ చెప్పాను. ఆ రోజు పెద్దాయన మాటలో తప్పు లేదు మావయ్యగారూ, ఆయన సరిగ్గానే అన్నారు, దాన్ని మీకు బానెట్ అని చెప్పాల్సింది నేను, మీరు ఇన్నాళ్ళూ మీకు ఇంగ్లీషు రాకపోవడం వల్లే అనుకుంటున్నారు అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగి అన్నారు.

"ఆయన హుడ్ అనడం నాకూ వినపడింది అమ్మాయ్. నాలుగడుగుల దూరంలో ఉన్నాను, చెవుడు లేదు కదా. పాప మీద వేడినీళ్ళు పడతన్నాయి, అందుకని ఎత్తమన్నాడేమో అనుకున్నా. కానీ దాన్ని ఎత్తకూడదని తెలుసు. అందుకే నిన్నడిగా."

నా మీద కోపం ఉన్నట్టు లేదు. డయాలిసిస్ సెంటర్ దగ్గర దిగి, అక్కడి నర్సుతో శుభ్రమైన ఇంగ్లీషులో, "గుడ్ మార్నింగ్, ఐ యామ్ టెన్ మినిట్స్ ఎర్లీ" అన్నారు. ఆయన పోయి రెండేళ్ళవుతోంది.

మొన్న మా అమ్మాయి మళ్ళీ అద్దం మీద తట్టి, "అమ్మా, ద హుడ్!" అంది. "ఏది?" అని అడిగాను. అది నన్ను వింతగా చూసి, ముందున్న మూత మీద చేత్తో కొట్టి చూపించింది. అప్పుడు లాగాను. అలా అడగడానికి ఎంతసేపు పట్టిందని మీరంటే, ఏమీ పట్టలేదు, ఒక్క క్షణం. నలభై ఏళ్ళు ఆగింది ఆ గుడ్డ. ఆ క్షణం ఆగలేకపోయింది నేనే.